లంక గడ్డిలో ఎర్ర చీర

ఏటిగట్టు మీదికి ఎండ ఇంకా పూర్తిగా రాలేదు. మగజింక తల దించి, నేల మీద పడి ఉన్న గుడ్డను కొమ్ములతో రెండుసార్లు కుమ్మింది. మళ్ళీ తల ఎత్తేసరికి ఆ గుడ్డ దానితోపాటు లేచింది. ఎర్ర చీర, పసుపు అంచు. మెలికలు తిరిగిన కొమ్ముల్లో ఒక పొర చిక్కుకుంది. జింక తల విదిలించింది. రెండో పొర చుట్టుకుంది. చీర రెండో కొస ఇంకా కంచె గుంజకు కట్టే ఉంది. బెదిరిన జంతువు బలంగా వెనక్కి లాగింది. గుంజ ఊడింది. బట్ట చిరిగిన చప్పుడు మాకు వినిపించింది. అంతే, మా ముందు నుంచే, గజాల కొద్దీ గుడ్డను గాలిలో ఎగరేసుకుంటూ, ఎండిన రెల్లులోకి దూసుకుపోయింది.

అంతసేపూ మా కెమెరాలు ఆగకుండా మోగుతూనే ఉన్నాయి. జింక కనబడకుండా పోయాక కూడా ఒకరిద్దరు బటన్ మీద నుంచి వేలు తీయలేదు.

కంచె పక్కన నిలబడి ఉన్న, ఆ చేను చేసుకునే మంగాయమ్మ గారు ఊడిపోయిన గుంజ దగ్గరికి నడిచి వెళ్ళి, దాన్ని లేపి, మట్టి దులిపారు.

"మా అత్తగారి చీరండి అది" అన్నారు. ఆ మాట మాతో అన్నట్టు లేదు.

ఆ చీర అక్కడికి ఎలా వచ్చిందో, కట్టి ఉండాల్సింది నేల మీద ఎందుకు పడి ఉందో చెప్పాలంటే కొంచెం వెనక్కి వెళ్ళాలి. ఆ లంక పేరు మాత్రం రాయను. కారణం ముందుకు చదివితే తెలుస్తుంది.

రావులపాలెం

మా బృందం గడ్డినేలల్లో బతికే జంతువులను, పక్షులను ఫోటోలు తీస్తుంది. పులి కోసం అడవికి వెళ్ళేవాళ్ళు చాలామంది ఉన్నారు. గడ్డిని చూడడానికి సెలవు పెట్టేవాళ్ళు తక్కువ. మాలో పెద్దవారు భీమవరం వర్మ గారు. రొయ్యల మేత వ్యాపారం చేస్తారు, ఏడాదికి రెండుసార్లు అందరినీ పోగుచేసి ఎక్కడికో ఒకచోటికి తీసుకెళ్తారు. కాకినాడ నుంచి పళ్ళ డాక్టరు శిరీష వచ్చారు. మాలో చిన్నది, చెయ్యి తిరిగినది ఆవిడే. మిగిలినవాళ్ళు టీచర్లు, ఉద్యోగులు. నేను గుంటూరువాణ్ణి. పత్రిక డెస్కులో ఇతరులు రాసిన వార్తలు దిద్ది రిటైరయ్యాను. నాది చిన్న కెమెరా. దాని మీద వర్మ గారి వేళాకోళం ప్రతి యాత్రలోనూ ఉంటుంది. "మీ కెమెరాలో జింక పడాలంటే అది వచ్చి మీ ఒళ్ళో కూర్చోవాలండి" అన్నారు ఈసారి.

రావులపాలెంలో కలుసుకున్నాం. అరటికాయల మార్కెట్ పొద్దున్నే చూడాలి. గెలలు నేల మీద వరసలుగా నిలబెట్టి ఉంటాయి, లారీల్లోకి చేతులు మారుతూ పోతుంటాయి. ఆ పచ్చివాసనకి మంచు తోడై ముక్కు చల్లబడుతుంది. ఒక వ్యాపారిని అమృతపాణి గెల ఎంతని అడిగాను. మూడు వందల యాభై అన్నాడు. మాకు గెల వద్దు, ఒక్క అత్తం చాలన్నాను. అత్తాలు అమ్మమండి అంటూనే పండిన గెల నుంచి ఒక వరస కోసి నా చేతిలో పెట్టాడు. డబ్బులివ్వబోతే చెయ్యి వెనక్కి పెట్టుకున్నాడు.

మా వైపు మిర్చి యార్డులో బేరం కుదరకపోతే మొహం మీదే పొమ్మంటారు. అందులో కోపం ఉండదు, అది మా పద్ధతి. గోదావరి వైపు ఉన్నన్నాళ్ళూ 'కుదరదు' అనే మాట నా చెవిన పడలేదు. దారి అడిగితే బండి ఆపి కొంతదూరం ముందు నడిచి చూపించారు. టిఫిన్ సెంటర్లో పెసరట్టు అయిపోయిందని చెప్పలేక, పిండి రుబ్బించి మరీ వేశారు. మంచి మర్యాద. ఎవరేది అడిగినా కాదనని చోట అడిగేవాడే కాస్త ఆలోచించుకోవాలని మాలో ఎవరికీ తట్టలేదు.

రేవు దాటాక

లంక అంటే గోదావరి తాను తెచ్చిన ఒండ్రుతో తన మధ్యలోనే పేర్చుకున్న నేల. మేం వెళ్ళిన లంకకు వంతెన లేదు. అక్కడ సాగు చేసుకునే కొండయ్య తన పడవలోనే మమ్మల్ని దాటించాడు. మా సంచుల్లోంచి బయటికి వస్తున్న పొడుగాటి లెన్సులను ఏరు సగం దాటేదాకా చూస్తూనే ఉన్నాడు.

"ఇన్ని గొట్టాలు తెచ్చారు, తుపాకులనుకుని పారిపోతాయేమోనండి" అన్నాడు చివరికి.

రేవు దిగుతూ నా చెప్పు ఒకటి బురదకు ఇచ్చేశాను. ఇసుక తిన్నె ఎక్కగానే ముందు మొక్కజొన్న, చిక్కుడు, లంక పొగాకు మళ్ళు. వాటి వెనక రెల్లు. మాఘమాసం కావడంతో పూత రాలిపోయి, మనిషి ఎత్తున ఎండి, గాలికి పొడి చప్పుడు చేస్తోంది. కంటికి ఆనినంత మేర అదే. చెట్టు అనదగ్గది అక్కడో సర్కారు తుమ్మ, ఇక్కడో సర్కారు తుమ్మ. డెల్టా అంటే కొబ్బరి, వరి అనుకునే నాలాంటివాడికి అది గోదావరి మధ్యలో ఉన్న నేలలా అనిపించలేదు.

మేం చూడడానికి వచ్చిన కృష్ణజింకలు అక్కడ ఎప్పటినుంచి ఉన్నాయో కొండయ్యకు తెలియదు. వాళ్ళ తాత నాటికే ఉన్నాయట. వరద నిండుగా వచ్చిన ఏడాది జింకలు ఈది గట్టెక్కుతాయి. గట్టు మీద ఊరకుక్కలు కాచుకుని ఉంటాయి. నీళ్ళు తీశాక మిగిలినవి మళ్ళీ ఈదుకుని వస్తాయి. ఆ మాటలు అతను వాతావరణం గురించి చెప్పినట్టే చెప్పాడు.

మధ్యాహ్నం భోజనం వాళ్ళ పాకలోనే. కొండయ్య భార్య మంగాయమ్మ గారు చిక్కుడుకాయ కూర, ఆనపకాయ పులుసు చేశారు. పులుసులో బెల్లం తగిలింది. నేను ఏమీ అనలేదు కానీ నా మొహం అన్నట్టుంది. "గుంటూరు వారా? అయితే మీకిది పాయసంలా ఉంటుందండి" అని నవ్వి, వేయించిన ఎండుమిరపకాయలు తెచ్చి నా కంచం పక్కన పెట్టారు.

చీరల కంచె

జింకలు పొగాకు ముట్టవు. చిక్కుడు వదలవు. అందుకని మంగాయమ్మ గారి చిక్కుడు మడి చుట్టూ చీరల కంచె ఉంది. గుంజలు పాతి, ఒక గుంజ నుంచి ఇంకో గుంజకు పాత చీరలు బిగించి కట్టారు. నీలం, చిలకపచ్చ, వంకాయరంగు, జరీ ఊడిన పట్టు కూడా. గాలికి అవి ఆడుతుంటే జింకలు దగ్గరికి రావు. తీగ లేదు, ముళ్ళు లేవు, ఏ జంతువుకీ గీరుకోదు. ఒడ్డున ఊళ్ళో ఆడవాళ్ళు పాతబడ్డ చీరలు ఈ లంక రైతుల కోసం పక్కన పెడతారట. చనిపోయినవారి చీరల్లో ఎవరూ కట్టుకోనివి కూడా ఇక్కడికే వస్తాయి. మంగాయమ్మ గారి అత్తగారి ఎర్ర చీర అలా వచ్చిందే.

మొదటి రోజు పొద్దు వాలేవేళ మంద బయటికి వచ్చింది. లేత గోధుమరంగు ఆడజింకలు, వాటి వెనక నల్లటి పెద్ద మగజింక. రెల్లు అంచున, చిక్కుడు మడికి ఇవతల బీడులో మేశాయి. కెమెరాలు ఎత్తాం. అయితే ఎటు తిప్పి చూసినా వాటి వెనక ఆ చీరలే. మా ఫోటోలలో అడవి జంతువు దండెం ముందు నిలబడినట్టు వచ్చింది.

గడ్డినేల ఫోటోకి వెనక ఏమీ ఉండకూడదు. మేం అలా నేర్చుకున్నాం. పోటీలకు పంపే ఫోటోల్లో మనిషి జాడ కనబడితే మార్కులు పోతాయి. వర్మ గారు మంగాయమ్మ గారి దగ్గరికి వెళ్ళి, ఎంతో మన్ననగా, రేపు పొద్దున కాసేపు తూర్పువైపు చీరలు దించితే వీలవుతుందా అని అడిగారు. ఎండ రాగానే మేమే మళ్ళీ కట్టేస్తామన్నారు.

"దానికేం భాగ్యమండీ" అన్నారావిడ.

కొండయ్య ఏదో అనబోయి, పడవ తాడు చూసుకోవాలని వెళ్ళిపోయాడు. మర్నాడు వెలుతురు రాకముందే ఆవిడే స్వయంగా పైముడులు విప్పారు. కిందిముడులు అలాగే ఉంచి, చీరలను గుంజల మొదట్లో పరిచారు. ఆ పక్క మొత్తం ఖాళీ అయింది. రెల్లు, మంచు, దాని వెనక ఏరు. మేం కోరుకున్నది అదే.

మగజింక గడ్డిని కొమ్ములతో కుమ్మడం మాకు తెలిసినదే. ఇది నా చోటు అని మిగతా మగవాటికి చెప్పడం అది. తల దించగానే శిరీష గారు, "చూడండి చూడండి" అని గుసగుసగా అన్నారు. మేం సంతోషించాం. అది కుమ్ముతున్నది గడ్డిని కాదని గ్రహించేసరికి మొదట చెప్పినదంతా జరిగిపోయింది.

ఉప్పుడుపిండి

శిరీష గారి కెమెరా తెర చుట్టూ అందరం చేరాం. సూర్యుడు సరిగ్గా జింక వెనక ఉన్నాడు. నాలుగు కాళ్ళూ నేల వదిలి ఉన్నాయి. ఎర్ర చీర వెలుతురు పట్టి, తల మీద నుంచి తోక దాటి బారుగా సాగింది. అంత మంచి ఫోటో మా బృందంలో ఇంతవరకు ఎవరికీ పడలేదు. ఎవరో "ఫస్టు ప్రైజు" అని సగం అని ఆపేశారు.

కొండయ్య మిగిలిన చీరలను గబగబా గుంజలకు కట్టేస్తున్నాడు. నా దగ్గరికి వచ్చి మెల్లగా అడిగాడు, "ఫారెస్టాఫీసు వాళ్ళకి తెలుస్తుందా అండి?"

అతని భయం అర్థమైంది. కృష్ణజింకకు హాని జరిగితే చట్టం చిన్నగా చూడదు. చీర వీళ్ళది, కంచె వీళ్ళది. పైగా లంక నేలకు పట్టా లేదు. వరద తీశాక తేలిన చోట సాగు చేసుకుంటారు. ఇన్నాళ్ళూ ఎవరూ కాదనలేదు, అంతవరకే వాళ్ళ హక్కు. ఒక్క కేసు పడితే ఆ ఊరుకోవడం కూడా పోతుంది. అటవీశాఖకు చెప్తే నష్టం కొండయ్యకు. చెప్పకపోతే ఆ జింకను వెతికే నాథుడు లేడు.

మంగాయమ్మ గారు అప్పటికే ఉప్పుడుపిండి దించి, మాగాయ వేసి కంచాల్లో పెట్టేశారు. తినబుద్ధి కాలేదు. ఆవిడ ఊరుకోలేదు. అందరం వరసగా కూర్చుని తల వంచుకుని తిన్నాం. తింటూనే వర్మ గారు, ఫోటోలన్నీ చెరిపేసి ఈ విషయం ఇక్కడితో మరిచిపోదామన్నారు. మనవల్ల వీళ్ళకి అన్నం పోకూడదు, చీర దానంతటదే ఊడిపోతుంది అన్నారు. శిరీష గారు ఒప్పుకోలేదు. కొమ్ముల్లో అన్ని చుట్లు పడ్డ గుడ్డ ఊడదని, తుమ్మకంపకు పట్టుకుంటే జంతువు అక్కడే ఉండిపోతుందని అన్నారు. నన్ను అడిగారు. పత్రికలో పనిచేసినవాడికి తెలుస్తుందనుకున్నారు.

వడ్డిస్తున్న గరిటె గిన్నెలో పెట్టి మంగాయమ్మ గారు అన్నారు, "ఫోను చెయ్యండి డాక్టరు గారూ."

కొండయ్య లేచి నిలబడ్డాడు. "నోరుమూసుకోవే. నీకేం తెలుసు?"

"నాకు తెలిసిందే చెబుతున్నాను మావా. ఆ గుడ్డ దానికి అడ్డం పడితే పరిగెత్తలేదు. కుక్కలకి దొరుకుతుంది. రేపు చచ్చి కనబడితే మాత్రం, ఆ చీర ఎవరిదని అడగరా?"

"చేను పోద్ది."

"పోతే అప్పుడు ఏడుద్దాం. ముందు దాన్ని చూడనియ్యి."

కొండయ్య బయటికి వెళ్ళి పడవ మీద కూర్చున్నాడు. శిరీష గారు ఫోను తీశారు.

రెల్లులో

రేంజి ఆఫీసరు, అతని మనుషులు ఇంకో పడవలో వచ్చారు. వల తెచ్చారు. పశువుల డాక్టరు వస్తున్నాడన్నారు. మేమంతా బారుగా నిలబడి, అడుగు అడుగు వేస్తూ రెల్లులోకి నడిచాం. కెమెరాలు పాకలో వదిలేశాం. రెల్లు ఆకు చేతులను సన్నగా కోస్తుంది. నెత్తురు కనబడేదాకా తెలియదు. రెండుసార్లు మంద దూరంగా లేచింది. ఆడజింకలు గాల్లోకి ఎగిరి ఎగిరి వెళ్ళిపోయాయి. వాటిలో నల్లది లేదు.

కొండయ్య నా పక్కన నడిచాడు. నడుస్తూనే అన్నాడు, "మా ఆవిడ ఎవరికీ కాదని చెప్పదండి. మీరు చదువుకున్నోళ్ళు, ఏమైనా అడుగుతారు."

నేను ఏదో చెప్పబోయాను. అతను చేత్తో వారించి, కంప కాళ్ళకు తగలకుండా నాకు దారి చూపించాడు.

మధ్యాహ్నం దాటాక, లంక కింది కొసన, నీటికి దగ్గరగా, ఒక తుమ్మకంప మీద చీర దొరికింది. మొత్తం కాదు, సగం. పసుపు అంచు ఉన్న వైపు. రెండో పక్క ముక్కలు ముక్కలుగా చిరిగి ఉంది. దానికి నాలుగు నల్లటి వెంట్రుకలు అంటుకున్నాయి. నెత్తురు లేదు. కింద ఇసుకలో గిట్టల గుర్తులు ఏటి వైపు వెళ్ళాయి. ఆ తర్వాత నీళ్ళే.

మిగిలిన సగం ఊడి ఏట్లో పడిందా, కొమ్ములకే ఉందా అన్నది ఎవరూ చెప్పలేకపోయారు. ఈది అవతలి ఒడ్డుకు చేరి ఉండవచ్చని ఒక గార్డు అన్నాడు. అవతల ఊరు ఉంది. ఊళ్ళో కుక్కలున్నాయి. అటు కూడా ఇద్దరిని పంపారు. సాయంత్రానికి వాళ్ళు ఒట్టి చేతులతో వచ్చారు.

పాక ముందు మంచం మీద కూర్చుని ఆఫీసరు చీర ఎవరిదని అడిగాడు. మంగాయమ్మ గారు నాదేనండి అన్నారు. ఎందుకు విప్పారని అడిగాడు. ఆవిడ మా వైపు చూడలేదు. గాలికి ఊడిందని చెప్పినా చెల్లిపోయేది. పొద్దున్న నేనే విప్పానండి అన్నారు.

అప్పుడు వర్మ గారు లేచారు. "ఆవిడ విప్పలేదండి. నేను విప్పించాను. ఫోటోలో రంగులు అడ్డం వస్తున్నాయని. ఏదైనా ఉంటే నా పేరు మీద ఉండాలి."

ఆఫీసరు కూడా గోదావరి మనిషే. ఆయన్ని కూర్చోమన్నాడు. ఇద్దరి వైపూ చూశాడు. కేసు అనలేదు, కేసు లేదనీ అనలేదు. పైవాళ్ళకి చెప్పాలండి, చూద్దాం అన్నాడు. జంతువును గుర్తు పట్టడానికి ఫోటో కావాలంటే శిరీష గారు ఆ ఒక్కటీ ఇచ్చారు. వెళ్ళేముందు అతను ఇంకో మాట చెప్పాడు. పైనుంచి నిర్ణయం వచ్చేదాకా చీరలు మొత్తం తీసేయాలి.

చీకటి పడకముందే తీసేశాం. మంగాయమ్మ గారు, మా బృందంలో అందరూ. ఒక్కో చీర మడత పెట్టి పాకలో దొంతరగా పేర్చాం. తడిసిన బట్ట వాసన, దాంట్లో ఎక్కడో కర్పూరం వాసన. కొండయ్య గుంజలు పీకాడు. పూత మీద ఉన్న చిక్కుడు మడికి నాలుగు వైపులా ఏమీ లేకుండా పోయింది.

తిరిగి వచ్చాక

తిరుగు దారిలో ద్రాక్షారామం వెళ్ళాలని ముందు అనుకున్నాం. ఎవరూ ఆ మాట ఎత్తలేదు. రావులపాలెంలో విడిపోయాం. వర్మ గారు నా చిన్న కెమెరా గురించి ఏమీ అనలేదు. అంతకుముందు లంకలో నేను పడవ ఎక్కుతుంటే మంగాయమ్మ గారు ఒక సంచి నిండా చిక్కుడుకాయలు నా చేతికి ఇచ్చారు. వద్దనాలనుకున్నాను. ఆవిడ ముందు నాకూ ఆ మాట రాలేదు. గుంటూరులో మా ఆవిడ వాటిని కారం దట్టించి వండింది.

శిరీష గారు ఆ ఫోటోను ఎక్కడికీ పంపలేదు. చెరపలేదు కూడా. ఒక పోటీ గడువు దగ్గర పడినప్పుడు వర్మ గారు ఫోను చేసి, మీ ఇష్టం అమ్మా అన్నారట. గడువు దాటిపోయింది. లంక పేరు, జింక ఆనవాలు ఎవరికీ చెప్పకూడదని మాలో మేం అనుకున్నాం. దాన్ని నేను కూడా పాటిస్తున్నాను.

కిందటి వారం కొండయ్యకు ఫోను చేశాను. ఆఫీసు నుంచి కబురు రాలేదు. కేసు ఉందో లేదో, చీరలు మళ్ళీ కట్టుకోవచ్చో లేదో ఎవరూ చెప్పలేదు. అడగడానికి వెళ్తే గుర్తు చేసినట్టవుతుందని అతను వెళ్ళలేదు. చిక్కుడు మడిలో సగం పైన జింకలు తినేశాయి. ఫోను మంగాయమ్మ గారు తీసుకున్నారు. ముందు మా ఇంట్లో అందరి క్షేమం అడిగారు. నేను ఆ మగజింక సంగతి అడిగాను.

పగలు మంద కనబడడం లేదట. చీకటి పడ్డాక చిక్కుడులోకి వస్తున్నాయి. తోలడానికి ఆవిడ టార్చి పట్టుకుని వెళ్తున్నారు. వెలుతురు పడితే కళ్ళు మెరుస్తాయి కానీ, వాటిలో ఒకదాని కొమ్ములకు ఏమైనా చుట్టుకుని ఉందో లేదో చూసేలోపే అన్నీ రెల్లులోకి వెళ్ళిపోతున్నాయట.